జంట గుటక

మాలకొండయ్యగారు నోటితో ముద్ద తిని ఆ రోజుకు తొమ్మిది నెలలు దాటింది.

నేను కనిగిరిలో వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు. పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ చాలావరకు తేరుకున్నాయి. గొంతు తేరుకోలేదు. మాట ముద్దగా, ముక్కలుముక్కలుగా వస్తుంది. మింగుడు మాత్రం అసలు లేదు. ఆయన భార్య ఆదెమ్మగారు పక్కన స్టూలు వేసుకుని, పొట్టకు అమర్చిన గొట్టంలోకి పలచని జావ కొద్దికొద్దిగా పోస్తున్నారు.

నాకు మంచినీళ్ళు తేవడానికి ఆమె వంటింట్లోకి వెళ్తే వెనకాలే వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే ఆమె తలుపు దగ్గరికి వేశారు.

"తాళింపు వాసన ఆయనకి పోకుండా వేస్తా డాక్టరమ్మా. ఒకరోజు పోపు వాసనకి కళ్ళెంబడ నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి నేను తినేది కూడా పెరట్లో తింటుండా, దొంగతనంగా."

ఆ మాట విన్నాకే వాళ్ళను మా పరిశోధనలోకి తీసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

నా పేరు వకుళ. ఒంగోలులో ఒక వైద్య కళాశాల వెనక, పాత ఎక్స్‌రే విభాగం ఖాళీ చేసి వెళ్ళిపోయిన మూడు గదుల్లో మా ప్రయోగశాల ఉంది. అక్కడ మింగడం గురించి పరిశోధన చేస్తాం. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు, అందులో పరిశోధించడానికేముందని. ఒక్క గుటకకు ఒక్క సెకను పడుతుంది. ఆ సెకనులో ముప్పైకి పైగా కండరాలు ఒకదాని వెనక ఒకటి కదలాలి. ఊపిరి దారి మూసుకోవాలి, అన్నం దారి తెరుచుకోవాలి. వయసు మీద పడేకొద్దీ నాలుకకు పట్టు తగ్గుతుంది. ముద్ద వచ్చిందన్న కబురు గొంతుకు ఆలస్యంగా అందుతుంది. తలుపు మూసుకోవడం అర సెకను ఆలస్యమైతే చాలు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముసలివాళ్ళకు వచ్చే న్యుమోనియా చాలాసార్లు కంచం దగ్గరే మొదలవుతుంది.

మేం తయారుచేసిన వస్తువు పేరు జంటపట్టీ. మెత్తటి గుడ్డతో కుట్టిన రెండు మెడపట్టీలు. లోపలివైపు బియ్యపు గింజంత మీటలు వరసగా ఉంటాయి. ఒక పట్టీ ఆరోగ్యంగా ఉన్న మనిషి కట్టుకుంటాడు. ఆ మనిషి గుటక వేసినప్పుడు నరాల్లో పుట్టే కదలికను ఆ పట్టీ పట్టుకుని రెండో పట్టీకి పంపుతుంది. రెండోది కట్టుకున్న రోగి గొంతులో అదే గుటక పడుతుంది. ముందే రికార్డు చేసిన గుటకలతో ప్రయత్నించి రెండేళ్ళు పోగొట్టుకున్నాం. ప్రతి ముద్దకూ గుటక మారుతుంది, దాచిపెట్టిన గుటక పనికిరాదు. ఇద్దరూ ఒకే చోట కూర్చుని, ఒకే వేళకు, ఒకే తిండి తినాల్సిందే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అందరి గుటకా అందరికీ కుదరదు. రెండు వందల జంటలను పరీక్షించాం. కవలలు కుదరలేదు, తండ్రీకొడుకులు కుదరలేదు. మొట్టమొదట కుదిరిన జంట ఒక హాస్టల్లో పద్నాలుగేళ్ళు కలిసి వండి, పిల్లలందరూ తిన్నాక ఎదురెదురుగా కూర్చుని తిన్న ఇద్దరు వంటమనుషులు. అప్పుడు తెలిసింది మాకు. రక్తంతో పనిలేదు. ఏళ్ళ తరబడి కలిసి తిన్నవాళ్ళ గొంతులు వాళ్ళకు తెలియకుండానే ఒక లయ పట్టుకుంటాయి.

అందుకే మాలకొండయ్యగారి విషయంలో నాకు బెంగ లేదు. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన భార్య ఇంట్లోనే ఉంది కదా.

*

ఒంగోలులో పరీక్ష చేశాం. నూటికి డెబ్బై వస్తే జత కుదిరినట్టు. కొడుకు శ్రీహరికి నలభై వచ్చింది. ఆదెమ్మగారికి ఇరవై ఎనిమిది.

ఆమె తెర మీద అంకె వంక, నా వంక మార్చి మార్చి చూశారు.

"తప్పు చూపిస్తుండాదేమో డాక్టరమ్మా. ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి పెట్టాను. ఇరవై ఏడు.

"మీరిద్దరూ కలిసి తినేవాళ్ళేనా అమ్మా?" అని అడిగాను.

"ఆయన తిన్నాక తినేదాన్ని. డ్యూటీ దిగి వచ్చేవాడు, వడ్డించేదాన్ని. ఆయన చెయ్యి కడుక్కుని లేచినాక వంటింట్లో పీటేసుకుని..." అంటూ ఆగిపోయారు. వేళ్ళతో కొంగు అంచు మడతపెట్టారు. "ఒక్క పూటన్నా పక్కన కూర్చోలా. పెండ్లిలో ఒకే విస్తట్లో పెట్టారు, అంతే."

ఆ ప్రశ్న కాస్త మెత్తగా అడిగి ఉండవలసింది.

చక్రాల కుర్చీలో ఉన్న మాలకొండయ్యగారు చెయ్యెత్తారు. నోరు తెరిచి, బలవంతంగా ఒక్కో ముక్కా బయటికి తోశారు.

"దా... ని... యేలు."

దానియేలుగారు ఆయన బస్సులో కండక్టరు. కనిగిరి నుంచి విజయవాడ పోయే బండి మీద ఇద్దరూ ఇరవై ఒక్క ఏళ్ళు పనిచేశారు. డ్యూటీలు మారినా అడిగి బతిమాలి కలిసే వేయించుకునేవాళ్ళట. మధ్యాహ్నం విజయవాడలో బండి తిరగబెట్టే ముందు ఇరవై నిమిషాలు ఖాళీ దొరికేది. వెనక సీటులో ఆదెమ్మగారు కట్టిచ్చిన నాలుగు గిన్నెల క్యారేజీ విప్పుకుని ఇద్దరూ తినేవాళ్ళు.

"ఇద్దరికి సరిపోను కట్టమనేవాడు. కట్టేదాన్ని," అన్నారు ఆదెమ్మగారు. ఆ పైన గొంతు తగ్గించి, "దానియేలొచ్చి ఇంటి ముందర అరుగు మీద కూర్చునేవాడు. లోపలికి రమ్మని నేనెప్పుడూ అనలా. మా అత్త ఉన్న రోజులు, మా వాడకట్టు పద్ధతి... నేనూ అనలా," అన్నారు.

మూడో రోజు దానియేలుగారు వచ్చారు. సన్నటి మనిషి, అరవై ఏడేళ్ళు. కూర్చోమన్నా కూర్చోకుండా, పరుగెత్తే బండిలో ఉన్నట్టు ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడి మాట్లాడారు. పట్టీ ఏం చేస్తుందో, ఏం చెయ్యగలదో, మాకు తెలియని ప్రమాదాలు కూడా ఉండొచ్చని అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"అంటే నేను మింగితే అన్న మింగుతాడు. అంతేగదమ్మా?"

"అంతే."

"మరి ఇంతసేపు చెప్పావేంది తల్లీ. కట్టు."

తొంభై ఒకటి వచ్చింది. మా ప్రయోగశాలలో అంతకుముందెప్పుడూ అంత అంకె చూడలేదు.

*

మొదటి భోజనం ఎక్స్‌రే తెర ముందు పెట్టాం. మెత్తగా పిసికిన అన్నం, కందిపప్పు, నెయ్యి, తెర మీద ముద్ద కనబడడానికి కాస్త బేరియం పొడి. రెండు గిన్నెలు, రెండు చెంచాలు. మాలకొండయ్యగారి నోట్లో అర చెంచా పెట్టాను. ఎదురుగా దానియేలుగారు కూడా అంతే పెట్టుకుని, ఆయన కళ్ళలోకి చూస్తూ గుటక వేశారు.

తెర మీద ఒక నల్లటి నీడ మాలకొండయ్యగారి నాలుక వెనక్కి జారింది. కొండనాలుక కింద ఒక క్షణం ఆగింది. ఊపిరి దారి మూసుకుంది. నీడ సరైన దారిలో దిగిపోయింది.

మాలకొండయ్యగారు మెడ తడుముకున్నారు. ఇంకో చెంచా కోసం నోరు తెరిచారు.

ఆ రోజు పన్నెండు చెంచాలు తిన్నారు. ఆఖరి చెంచా తరువాత దానియేలుగారు గట్టిగా నవ్వి, "రైట్ రైట్! పోనీ అన్నా!" అన్నారు. ఆదెమ్మగారు గది మూలకు తిరిగి నిలబడ్డారు. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను పెన్ను పట్టుకుని అంకెలు రాద్దామనుకున్నాను గానీ కాగితం కనిపించలేదు, నా కళ్ళు కూడా నిండి ఉన్నాయి.

తరువాత మా వ్యాను వారానికి ఐదు రోజులు కనిగిరి వెళ్ళేది. దానియేలుగారు పొద్దున పదకొండింటికల్లా వచ్చేవారు. మొదటి రోజు అలవాటు కొద్దీ అరుగు మీదే ఆగిపోయారు. ఆదెమ్మగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"లోపలికి రా అయ్యా."

"ఇక్కడ బాగానే ఉండాదిలే అమ్మా, పిలిచినప్పుడు వస్తా."

"అమ్మా ఏంది? ఆయన నీకు అన్న అయితే నేనేమైతా?"

దానియేలుగారు చెప్పులు విడిచి ఆవిడ వంక ఒక్కసారి చూశారు. "వదినవైతావు," అని లోపలికి వచ్చారు.

ఆ నెలా, ఆ పై నెలా ఆ ఇల్లు చూడడానికి ముచ్చటగా ఉండేది. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉండేది. చింతచిగురు పప్పు, సొరకాయ మెత్తటి కూర, సజ్జ సంగటి. ఏది చేసినా ముద్దగా నలిపి ఇద్దరికీ పెట్టేవాళ్ళు. మాలకొండయ్యగారు నాలుగు కిలోల బరువు పెరిగారు. జ్వరాలు ఆగాయి. నలభయ్యో భోజనానికి ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి కనిపించింది. పట్టీ లేకుండా కూడా ఆయన గొంతు అప్పుడప్పుడు సొంతంగా కదులుతోంది. ఇరవై గుటకల్లో రెండు మూడు. ఆ నిద్రపోయిన గొంతుకు మేలుకోవడం గుర్తొస్తోంది.

నేను వ్యాసం రాయడం మొదలుపెట్టాను. అరవై భోజనాల లెక్క పూర్తయితే పరిశోధన ముగిసినట్టు. దేశదేశాల వాళ్ళు చదువుతారు. ఇక్కడి నుంచి చెప్పేది నాకు సిగ్గు కలిగించే సంగతి. అయినా చెప్పాలి.

*

నలభై నాలుగో భోజనం రోజున దానియేలుగారి పట్టీ పంపిన గీత చూశాను. ముద్ద గొంతుకు చేరాక గుటక మొదలవడానికి ఆయనకు తొలినాళ్ళలో ఎంతసేపు పట్టేదో అంతకు రెండింతలు పడుతోంది. అలసట అనుకున్నాను. అలసట అనే రాశాను. నలభై ఎనిమిదో రోజున ఇంకాస్త పెరిగింది.

కారణం ఇప్పుడు తెలుసు. తీసుకునే గొంతు మెల్లగా కదులుతుంది. ఇచ్చే గొంతు దానికోసం రవ్వంత ఆగుతుంది, మంచి మనిషి ముసలివాడి కోసం అడుగు తగ్గించినట్టు. రోజూ ఆగీ ఆగీ దానికి ఆగడమే అలవాటైపోతుంది. పట్టీ తీసేసినా ఆ ఆలస్యం పోదు. మేం మాలకొండయ్యగారికి గుటక ఇస్తూ దానియేలుగారికి పదేళ్ళ ముసలితనం ముందే తెచ్చిపెడుతున్నాం.

అప్పుడు తెలియదు అని అనలేను. అనుమానం వచ్చింది. అరవై ఇంకెంతో దూరం లేదు, అయ్యాక చూద్దాం అనుకున్నాను. పన్నెండు రోజులు అలా గడిపాను.

ఒకరోజు భోజనమయ్యాక దానియేలుగారు మంచినీళ్ళు తాగి పొలమారి కళ్ళు ఎర్రబడేలా దగ్గారు. ఆదెమ్మగారు నెత్తిమీద తడుతూ, "ఎవరో తలుచుకుంటుండారు నిన్ను," అన్నారు. "మా ఆవిడ పైనుంచి తలుచుకుంటుండాదిలే వదినా," అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక ఆ దగ్గు నా చెవుల్లోంచి పోలేదు.

యాభై ఆరో భోజనానికి ఆయన రాలేదు. జ్వరం. కుడివైపు ఊపిరితిత్తిలో నీరు చేరిందనీ, న్యుమోనియా అనీ ఒంగోలులో చేర్పించారు. నేను పరుగున వెళ్ళేసరికి ఆక్సిజన్ పెట్టి ఉంది. కూతురు మేరీ కుమారి తలగడ సర్దుతోంది. ఆమె ఎదుటే ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. గీత ఎప్పుడు మారిందో, నేను ఎన్ని రోజులు ఊరుకున్నానో.

"తప్పు నాదండీ. ఆపి ఉండాల్సింది."

మేరీ కుమారి నా మొహంలోకి సూటిగా చూసింది. "మీరు చదువుకున్నోళ్ళు గదా," అంది. ఆ ఒక్క మాట చాలు, ఇప్పటికీ.

దానియేలుగారు మాస్కు పక్కకు జరిపారు.

"నాకు తెలుసు డాక్టరమ్మా. ఇరవై రోజుల్నుంచి నీళ్ళు తాగితే అడ్డం పడతానే ఉండాది. నేనే చెప్పలా."

"ఎందుకండీ?"

"చెబితే ఆపేస్తావు గదా." దగ్గు వచ్చి ఆగారు. ఊపిరి తీసుకున్నాక మళ్ళీ అన్నారు. "ఇరవయ్యొక్క ఏళ్ళు ఆయన తోలే బండిలో ఉన్నా. వానలో, పొగమంచులో, బ్రేకు పట్టని బండ్లలో. ఒక్కనాడు నాకు భయం కలగలా. అంతమందిని మోసుకొచ్చి దించినోడికి నా గొంతులో ఇంత చోటిచ్చా. అదేమన్నా పెద్దదా?"

ఆ సాయంత్రమే కళాశాల నైతిక సంఘానికి జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాను. పరిశోధన ఆపేశారు. నన్ను ఆరు నెలలు ప్రయోగాలకు దూరంగా ఉండమన్నారు. అది న్యాయమే.

*

మాలకొండయ్యగారికి సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆయన విన్నారు. మంచం పక్కన కొక్కేనికి వేలాడుతున్న పట్టీని తీసి నా చేతిలో పెట్టారు.

"వద్దు," అన్నారు. ఆ ఒక్క మాటా ఎక్కడా తెగకుండా వచ్చింది.

మళ్ళీ గొట్టం, జావ. అయితే ఇంతకు ముందులా కాదు. ఆయన గొంతు సొంతంగా నేర్చుకున్న ఆ రెండు మూడు గుటకలు పోలేదు. మింగుడు కసరత్తులు నేర్పే మా వ్యాయామ నిపుణురాలు వారం వారం వచ్చి చూసి, గడ్డం కిందికి వంచి, చిక్కటి పెరుగు లాంటిది పావు చెంచా చొప్పున పూటకు నాలుగైదు సార్లు మింగవచ్చని చెప్పింది. కడుపు నింపేది గొట్టమే. నోటికి రుచి మాత్రం దక్కింది.

పరిశోధనకు దూరంగా ఉన్నా మనిషిగా నేను వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఒకసారి వెళ్ళేసరికి ఆదెమ్మగారు మంచం ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, తన కంచంలో అన్నం తింటున్నారు. మంచం మీద ఆయన పావు చెంచా పెరుగు నోట్లో పెట్టుకుని ఆమె వంక చూస్తున్నారు. ఆమె ముద్ద నమిలి మింగారు. ఆయనా మింగారు.

నన్ను చూసి ఆమె కాస్త సిగ్గుపడ్డారు.

"నువ్వే అంటివి గదమ్మా, కలిసి తింటే గొంతులు కలుస్తాయని. ఇప్పుడు మొదలుపెడితే ఎన్నాళ్ళకి కలుస్తాయి?"

"తెలియదమ్మా. ఎవరూ కొలవలేదు."

"ఇంకోటి అడుగుతా. నాకు చదువు లేదు, తప్పైతే చెప్పు. మా నాయనకి నాలుగెద్దులు ఉండేవి. ఒక జతనే రోజూ కాడికి కట్టేవాడు కాదు. కడితే మెడ పుండు పడుద్ది. రోజు మార్చి రోజు జత మార్చేవాడు, పుండు పడకముందే. దానియేలు ఒక్కడినే రోజూ కడితిరి మీరు. మెడ పుండు పడదా?"

నేను పీట పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. రెండేళ్ళు మేం నలుగురం చదువుకున్నవాళ్ళం ఆ గీతల ముందు కూర్చున్నాం. ఇచ్చేవాళ్ళను మార్చాలనీ, మధ్యలో ఆ గొంతుకు తన వేగం తనకు గుర్తొచ్చేంత విరామం ఇవ్వాలనీ ఒక్కరికీ తట్టలేదు.

దానియేలుగారు ఇరవై రెండు రోజులకు ఇంటికొచ్చారు. కొంచెం బలం రాగానే కనిగిరిలో మళ్ళీ ఆ ఇంటికి వచ్చిపోవడం మొదలుపెట్టారు. ఈసారి పట్టీ కోసం కాదు. వ్యాయామ నిపుణురాలు ఆయనకూ నాలుక బలానికి, గుటక వేగానికి కసరత్తులు చెప్పింది. ఆ ఇద్దరు ముసలివాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని నాలుకను అంగిలికి నొక్కిపట్టి పది లెక్కపెట్టేవాళ్ళు. మాలకొండయ్యగారు వేళ్ళతో లెక్క చూపించేవారు. దానియేలుగారు ఎనిమిది దగ్గర వదిలేస్తే వేలు ఆడించి మళ్ళీ మొదటి నుంచి చేయించేవారు. నాలుగు నెలల్లో దానియేలుగారి గుటక చాలావరకు వెనక్కొచ్చింది. పూర్తిగా రాలేదు. నీళ్ళు మాత్రం ఇప్పటికీ గడ్డం వంచి, చిన్న చిన్న గుక్కలుగా తాగుతారు. బతికినంతకాలం అలాగే తాగాలి. అది మా ప్రయోగం ఆయన దగ్గర తీసుకున్నది. దాన్ని నేను ఏ వ్యాసంలోనూ చిన్న అక్షరాల్లో రాయలేదు.

మేరీ కుమారి ఒకరోజు నాకు ఫోను చేసింది. "మా నాయన పట్టీ మళ్ళీ కట్టుకుంటానంటే మీరు ఒప్పుకోకూడదు," అంది. "ఒప్పుకోను," అన్నాను. ఆమె మళ్ళీ, "ఆయన మీ గురించి చెడ్డగా ఒక్క మాట కూడా అననీడం లేదు. అందుకనే నేనూ అనడం లేదు," అంది. ఆ అమ్మాయికి నేను ఎంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

*

ఆదెమ్మగారి పీట మంచం ఎదురుగా పడి తొమ్మిది నెలలైంది. ఈలోగా నా ఆరు నెలల గడువు ముగిసింది, సంఘం కొత్త నియమాలు రాసి పరిశోధనకు మళ్ళీ అనుమతిచ్చింది. ఒక రోగికి వారానికి ఒక పూట దాటి పెట్టాలంటే ఇచ్చేవాళ్ళు కనీసం ముగ్గురు ఉండాలి. ఏ ఒక్కరూ వారానికి ఒక పూటకు మించి పట్టీ కట్టకూడదు. గీత వెంట్రుకవాసి మారినా ఆ రోజే ఆపాలి, ఆపే అధికారం మా చేతుల్లో కాక బయటి వైద్యుడి చేతుల్లో ఉండాలి. మూడోది నేనే అడిగి పెట్టించాను.

మాలకొండయ్యగారు మొదట ఒప్పుకోలేదు. దానియేలుగారికి పట్టీ కట్టబోమని నేను రాసిచ్చాక, "వారానికి ఒక్క పూటకి నా గొంతేమీ అరిగిపోదులే," అని ఆదెమ్మగారు పదిసార్లు చెప్పాక తల ఊపారు. ఆ తరువాతే పరీక్ష పెట్టాం. శ్రీహరి కూడా ఆ నెలల్లో మధ్యాహ్నాలు తన దుకాణం నుంచి వచ్చి నాన్న దగ్గర కూర్చుని తినేవాడు. అతనికి అరవై ఒకటి వచ్చింది, ఇంకొంత కాలం పడుతుంది. అప్పుడప్పుడు వాళ్ళతో కూర్చుని తిన్న శ్రీహరి భార్య పద్మావతికి యాభై ఎనిమిది.

ఆదెమ్మగారికి డెబ్బై నాలుగు.

ఆమె అంకె వైపు చూడలేదు. "సరిపోద్దా?" అని మాత్రం అడిగారు.

"సరిపోతుందమ్మా."

మరుసటి గురువారం మధ్యాహ్నం, వాళ్ళ ముందుగదిలోనే పెట్టాం. బయటి వైద్యుడు మీటల పెట్టె పక్కన కూర్చున్నాడు. దానియేలుగారు మేరీ కుమారితో వచ్చి గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. ఆదెమ్మగారు దోసకాయ పప్పు, మెత్తటి అన్నం చేశారు. నేను ఇద్దరి మెడలకూ పట్టీలు కట్టాను.

ముందు మాలకొండయ్యగారి గిన్నెలో వడ్డించి, అలవాటుగా ఆయన తినడం కోసం ఆగారు.

"అలా కాదమ్మా," అన్నాను. "ఇచ్చే మనిషి ముందు నోట్లో పెట్టుకోవాలి. మీరు తింటేనే ఆయన తినగలరు."

"నేనా? ముందా?"

"మీరే."

ఆమె భర్త వంక చూశారు. ఆయన గడ్డం ఎత్తి, కానీ అన్నట్టు సైగ చేశారు. ఆమె చేతిలోని చెంచా కాసేపు గాలిలోనే ఆగింది. తరువాత నోట్లో పెట్టుకున్నారు. ఆయన అర చెంచా పెట్టుకున్నారు. ఆమె గుటక వేశారు. ఆయన గొంతు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది. తెర మీద గీత నున్నగా సాగింది.

"రైట్," అన్నారు దానియేలుగారు మెల్లగా.

తొమ్మిది చెంచాలు. ఒక్కసారి కూడా పొలమారలేదు. ఆదెమ్మగారికి గబగబా మింగే అలవాటు. ఆయన చెయ్యెత్తినప్పుడల్లా నిదానించారు. ఎనిమిదో చెంచాకు రుచి తెలిసినట్టుంది, కళ్ళు అరమూశారు. బయటి వైద్యుడు చాలన్నాక నేను ఇద్దరి మెడల నుంచి పట్టీలు విప్పాను. ఇద్దరికీ, గోడ పక్కనున్న ఆయనకీ, ఆయన కూతురికీ కృతజ్ఞత చెప్పాలనుకున్నాను. ఆ మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. పట్టీలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

మాలకొండయ్యగారు మూతి తుడుచుకున్నారు. భార్య వైపు వంగారు. ఏదో అడగబోతున్నారు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఉప్పు... సరిపోయిందా... నీకు?"

నలభై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆమె అడుగుతూ వచ్చారు, ఆయన జవాబు చెబుతూ వచ్చారు. ఆదెమ్మగారు కంచంలోకి చూశారు, పప్పు గిన్నెలోకి చూశారు. చెంచా కొసతో ఇంకాస్త తీసి నాలుక మీద పెట్టుకుని, తొందరేమీ లేకుండా చప్పరించారు.

"రవ్వంత తగ్గింది," అన్నారు.